తవుడు గేదెకి, తెలుపు మనకి

మొన్న టీ కొట్టు దగ్గర ఒకాయన అన్నాడు, "మన తాతలు మూడు పూటలా అన్నమే తిని ఎనభై ఏళ్లు బతికారు, ఇప్పుడీ కూరలూ పప్పుల గోలేంటి" అని.

అన్నా, తాతలు తిన్నది దంపుడు బియ్యం. మిల్లులొచ్చి తెల్లగా పట్టడం మొదలెట్టాక మన సర్కారు జిల్లాల్లో బెరిబెరి జనాన్ని పీడించింది. కాళ్లు మొద్దుబారేవి, వాచేవి, ముదిరితే గుండె ఆగేది. కారణం, తవుడుతో పాటు బి1 విటమిన్ పోవడం. చిలకలపూడి రోల్డుగోల్డు నగకి మెరుపు కావాలి గానీ బియ్యానికెందుకు? గేదె తవుడు తిని పుష్టిగా ఉంది. నాకేమో షుగరు.

అసలు సిగ్గుపడాల్సింది మినుముల దగ్గర. వరి కోతకి ముందు చేలో చల్లేది మనమే, నూర్చేది మనమే. బస్తాలన్నీ అమ్మేసి, పండక్కి గారెలకి కేజీ కొనుక్కొచ్చేదీ మనమే! రోజు మొత్తం తిండి శక్తిలో బియ్యం, జొన్న లాంటి గింజల వాటా నూటికి 45 దాటకూడదని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. మన కంచం చూడండి. అన్నం గుట్ట, పక్కన ఆవకాయ బద్ద.

డబ్బుల్లేకనా? గట్టు మీద కంది, బెండ, గోంగూర వేస్తే కౌలు ఎవడడుగుతాడు? ఆ గట్లకే గడ్డిమందు కొడతన్నాం.

ఈసారి బస్తా మినుములు, అర బస్తా పెసలు ఇంట్లోనే ఉంచా. డబ్బాలు చాలట్లేదని మా ఆవిడ తిడతంది. మీరెన్ని ఉంచుకున్నారు?