తెలుగు అక్షరానికి ఫుల్ హెచ్‌డీ చాలదు



ఖరీదైన మ్యాక్‌బుక్ కొన్నాక మానిటర్ దగ్గర పొదుపు చేయవచ్చని, 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ చాలని మీ పత్రిక వ్యాసకర్త ఒకరు రాశారు. రోజంతా తెలుగు టైపింగే పనిగా ఉన్న నేను దీన్ని ఒప్పుకోలేను. ఆ తెరపై అంగుళానికి దాదాపు 82 పిక్సెళ్లే ఉంటాయి. పైగా 2018 నాటి మొజావే నుంచి మ్యాక్‌ఓఎస్‌లో అక్షరాల అంచులను నునుపుగా చూపే సబ్‌పిక్సెల్ స్మూతింగ్ లేదు. అందుకే తక్కువ పిక్సెళ్లున్న తెరలపై అవి మసకబారతాయి. ఇంగ్లిషుకు ఎలాగో సరిపోవచ్చు. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియకపోతే, కింది వత్తు కనపడకపోతే, పెండ్లి కార్డులో పిల్ల పేరే తప్పు పడుతుంది! అదే సైజు 4కె తెరలో అంగుళానికి 163 పిక్సెళ్లుంటాయి, 5కెలో 218. మా పనికి 4కె చాలు.

మానిటర్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపే తీగ సంగతి ఆ వ్యాసంలో అసలు లేదు. హెచ్‌డీఎంఐ 1.4 అయితే 4కె సెకనుకు 30 ఫ్రేములకే పరిమితం, మౌస్ బాణం కూడా తడబడుతుంది. ల్యాప్‌టాప్‌ను చార్జ్ చేసే యూఎస్‌బీ-సీ మానిటర్ తీసుకుంటే ఒకే తీగతో పని జరుగుతుంది.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల డీటీపీ మిత్రులకు నా మనవి: కొనేముందు మీ ల్యాప్‌టాప్‌నే దుకాణానికి తీసుకుపోండి. మీ తెలుగు ఫైలు ఆ తెరపై చదివి చూశాకే డబ్బు కట్టండి.

– ఒక డీటీపీ ఆపరేటర్, రాయికల్, జగిత్యాల జిల్లా