ముక్క ఎంత ఉడకాలి?

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. బుద్ధుల సంగతి ఇంకోసారి చూద్దాం గానీ, ఇవాళ జిహ్వ సంగతి మాట్లాడుకుందాం. అందులోనూ ఒక్క విషయమే. మాంసం ముక్క ఎంత ఉడకాలి, ఆ మాట ఎవరు చెప్పాలి? మాంసం ముట్టనివాళ్ళు కూడా చదవొచ్చు. ముక్క బదులు వంకాయ అనుకోండి, కథేం మారదు.

అమెరికాలోనూ యూరప్‌లోనూ స్టేక్ అని ఒకటి తింటారు. మందంగా కోసిన మాంసం చెక్కని పెనం మీదో నిప్పుల మీదో కాల్చి పెడతారు. ఎక్కువగా గొడ్డుమాంసమే. మా ఇంట్లో అది వండం, వండుకునే ఇళ్ళతో నాకు పేచీ లేదు. నాకు నచ్చింది ఆ వంట కాదు, దాంతోపాటు వచ్చే ప్రశ్న. హోటల్లో ఆర్డరు తీసుకునే మనిషి బల్ల చుట్టూ కూర్చున్న ఒక్కొక్కరినీ "మీకెలా కావాలి?" అని అడుగుతాడు. రేర్ అంటే పైన కాలి లోపల ఎర్రగానే ఉంటుంది, లోపలి వేడి 50 డిగ్రీల చుట్టుపక్కల. 55 దగ్గర దింపితే మీడియం రేర్. 60 దాటితే మీడియం, లేత గులాబీ రంగు. 70 దాటాక వెల్ డన్, ఎరుపన్నది కనపడదు. ఒకే బల్ల మీద నలుగురికి నాలుగు రకాలుగా వచ్చినా ఎవరూ వింతగా చూడరు.

డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలు మొదటిసారి అలాంటి చోటికి వెళ్ళినప్పుడు, ఆ ప్రశ్న వినగానే అలవాటుగా మరిదిగారి వైపు చూసిందట. ఆర్డరు రాసుకునే అబ్బాయి మాత్రం కలం పట్టుకుని దాని మొహంలోకే చూస్తూ నిలబడ్డాడట. "పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ముక్క ఎంత ఉడకాలని నన్నడిగింది వాడొక్కడేనే అక్కా" అని ఫోన్లో ఒకటే నవ్వు. నేనూ నవ్వాను గానీ, ఆ మాట మాత్రం మనసులో ఉండిపోయింది.

అలాగని అక్కడ పెత్తనాలు లేవని కాదు. మీడియం రేర్ తింటేనే రుచి తెలిసినవాళ్ళు, వెల్ డన్ అడిగితే మోటు మనుషులు అని ఒక లెక్క ఉంది. ట్రంప్ అంతటివాడు బాగా కాల్చిన స్టేక్‌ని కెచప్‌తో తింటాడని తెలిసి పత్రికలవాళ్ళు ఎంత వెక్కిరించారో. ఆయన రాజకీయం ఎవరికెలా ఉన్నా, ఆయన పళ్ళెంలో ముక్క ఆయనిష్టం కదా! ఇటు మనవాళ్ళు ఆ ఎర్రటి ముక్కని చూసి "నెత్తురు కారుతోంది, రాక్షసుల్లా తింటున్నారు" అంటారు. నిజానికి అది నెత్తురు కాదు, కండలో ఉండే మయోగ్లోబిన్ అనే పదార్థం కలిసిన నీరు. నన్ను తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెడితే, ఎవరెలా చూసినా వెల్ డనే చెబుతాను. నాకు ఎరుపు కనిపిస్తే ముద్ద దిగదు. పక్కనున్నవాళ్ళు రేర్ తింటే వాళ్ళని రాక్షసులని మాత్రం అనను.

ఒక్కచోట మాత్రం ఇష్టాయిష్టాలు పక్కన పెట్టాల్సిందే. సూక్ష్మజీవులు పెద్ద ముక్కకి పైపైనే ఉంటాయి కాబట్టి పైన బాగా కాలితే చాలావరకు పోతాయి. అదే ఖీమా కొట్టినప్పుడు పైదంతా లోపలికి కలిసిపోతుంది. అందుకే అమెరికా వ్యవసాయశాఖ పెద్ద ముక్కకి 63 డిగ్రీలు, ఆపైన మూడు నిమిషాలు ఆగడం చాలంటుంది గానీ, ఖీమాకి 71, కోడికి 74 ఉండాలంటుంది. కడుపుతో ఉన్నవాళ్ళకీ పసిపిల్లలకీ ముసలివాళ్ళకీ పచ్చిగా పెట్టకూడదు. ఇక్కడ "నాకిలా ఇష్టం" అన్న మాట చెల్లదు.

ఇక మన కూరకొద్దాం. స్టేక్‌కి వాడేది జంతువు పెద్దగా కదిలించని వీపు భాగం, దాన్ని చల్లటి గదిలో రోజుల తరబడి ఉంచి మెత్తబరుస్తారు. మనం తెచ్చుకునేది పొద్దున కోసిన మేక. జబ్బ, తొడ, మెడ అన్నీ నడిచి నడిచి గట్టిపడ్డ కండలు. వాటిలోని నరాలూ పొరలూ సన్నటి సెగ మీద చాలాసేపు ఉడికితేనే కరిగి జిగురుగా మారతాయి. పులుసుకి ఆ చిక్కదనం అక్కడినుంచే వస్తుంది. కార్జం దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది, ఎంత ఎక్కువ ఉడికిస్తే అంత రబ్బరైపోతుంది. కాబట్టి మన దగ్గర ప్రశ్న ముక్క రంగు గురించి కాదు, కొరుకుడు గురించి. ఒకరికి ముక్క ఎముకనుంచి ఊడి రావాలి. ఇంకొకరికి కాస్త నమలడానికి ఉండాలి. ఇంకొకరికి పులుసు ఇగిరిపోయి, ముక్క అడుగున ఎర్రగా వేగాలి.

ఇన్ని ఇష్టాలున్న ఇంట్లో కుండ మాత్రం ఒక్కటే. ఆ కుండలో ఎవరి ఇష్టం ఉడుకుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

నేను బి.ఏ. తెలుగు చదివినదాన్ని, మాటల్ని పట్టుకుని చూడటం నాకున్న జబ్బు. ఆదివారం మధ్యాహ్నం మన ఇళ్ళలో వినిపించే మాట "ముక్క ఉడకలేదు". అది వినడానికి తీర్పులా ఉంటుంది, వండిన మనిషి తప్పు చేసినట్టు. ఆ మనిషి నిజంగా చెప్పదలచుకున్నది "నాకు ఇంకొంచెం మెత్తగా కావాలి" అని. రెంటికీ తేడా ఒక్క "నాకు". ఆ మాట పెడితే అది ఇష్టం, తీసేస్తే అది నేరారోపణ.

ఆడవాళ్ళం మనం దీనికి సరిగ్గా తలకిందులు. "నీకెలా కావాలి?" అని ఎవరైనా అడిగినా "ఏదైనా పర్లేదు" అంటాం. మనమూ "నాకు" మింగేసినట్టే. ఇరవై ఏళ్ళు అలా అన్నాక మనకేది ఇష్టమో మనకే గుర్తురాదు. అది త్యాగమని నేననుకోను. పిల్లలు చూసి నేర్చుకునేది మాత్రం, అమ్మకి రుచులుండవని.

కాలేజీలో కవిత్వానికి మూడు పాకాలు చెప్పారు మాకు. నోట్లో వేసుకోగానే కరిగేది ద్రాక్షాపాకం, తొక్క ఒలవాల్సింది కదళీపాకం, కొట్టి పగలగొడితే గానీ రుచి అందనిది నారికేళపాకం. పోతన్ని ఇష్టపడేవాళ్ళు ఆముక్తమాల్యద చదివేవాళ్ళని తప్పుపట్టరు. అంతెందుకు, సంక్రాంతికి అరిసెలు చేసేటప్పుడు లేతపాకం పడితే మెత్తగా, ముదురుపాకం పడితే గట్టిగా వస్తాయని మనకి తెలుసు, ఎవరికేవి కావాలో అడిగి మరీ చేస్తాం. దోసె మెత్తగానా, కరకరలాడాలా అనీ అడుగుతాం. మాంసం కూర దగ్గరే ఎందుకు అడగకూడదు?

పెద్ద పనేం కాదు. మా ఇంట్లో కుక్కర్ నాలుగు కూతలు వేశాక దింపి, కొరుకుడు కావలసినవాళ్ళ ముక్కలు గరిటెతో తీసి పక్కన పెడతాను. మిగతావి మళ్ళీ పొయ్యెక్కుతాయి. మా అత్తగారికి పై పళ్ళు లేవు. ఆ వయసువాళ్ళు "నాకు నమలడం కావట్లేదు" అని నోరు తెరిచి చెప్పరు, "ఈమధ్య మాంసం మీదకి మనసు పోవట్లేదమ్మా" అంటారు. అడిగితేనే బయటపడుతుంది. ఇంకో మూడు కూతలయ్యాక ఆవిడ ముక్కలు చిగుళ్ళతో నొక్కితే విడిపోతాయి. ఆవిడ రెండోసారి కూడా వేయించుకుంటారు. దీనికి నాకు అదనంగా పట్టేది పావుగంట.

ఈ ఆదివారం మీ ఇంట్లో అందరినీ అడగండి. అడిగాక మీది కూడా చెప్పండి, అది కూడా కూర వండకముందే. నాకైతే జబ్బ ముక్క, బాగా ఉడికి పొరలు విడిపోవాలి. పులుసు చిక్కగా ఉండాలి. మూలుగ ఎముక ఒకటి నా పళ్ళెంలోనే పడాలి. మరి మీకు?