తోక ఈపబ్, లోపల?

పీడీఎఫ్‌లో పుట కదలదు. అచ్చు పుస్తకపు డెమీ సైజుకు కట్టిన పుట ఆరంగుళాల తెర మీదికి వస్తే అక్షరం కూడా ఆ మేరకు చిక్కిపోతుంది. పెద్దది చేస్తే పంక్తి తెర దాటిపోతుంది, చదువరి ప్రతి వాక్యానికీ అటూ ఇటూ జరుపుకోవాలి. ఏ యంత్రం మీద తెరిచినా పుట చెదరకుండా ఉండాలనే అడోబీ 1993లో పీడీఎఫ్‌ను తెచ్చింది; పడుకుని నవల చదువుకునేవారు అప్పటి లెక్కలో లేరు.

ఈపబ్‌లో పాఠమే ఉంటుంది, పుటలుండవు. బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడు లంక గ్రామాల అంచుదాకా పరుచుకుని ఎండలకు ముడుచుకునే కొల్లేరులా, అక్షరం సైజును బట్టి పాఠం సర్దుకుంటుంది. నిజానికి ఇదొక జిప్ మూట. విప్పితే అధ్యాయాలు వెబ్ పేజీల్లా, పక్కన బొమ్మలు, ఒక్కోసారి ఫాంట్లు కనిపిస్తాయి. కిండిల్ కోసం వాడిన మోబి రూపం పాతబడింది. 2022 నుంచి కిండిల్‌కు ఫైళ్లు పంపే అమెజాన్ సేవ ‘సెండ్ టు కిండిల్’ కూడా ఈపబ్‌నే తీసుకుని తన రూపంలోకి మార్చుకుంటోంది. మిగతా మార్పిడులకు కోవిద్ గోయల్ 2006లో మొదలుపెట్టిన కాలిబర్ సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం. నకలు తీయనివ్వని డీఆర్ఎం తాళం వేసి అమ్మిన పుస్తకం దగ్గర మాత్రం అదీ ఆగిపోతుంది.

తెలుగు పుస్తకానికి ఫైలు పేరు చివరి తోక కన్నా లోపలి సరుకు ముఖ్యం. యూనికోడ్‌లో ‘కొల్లేరు’ అంటే ఎనిమిది సంకేతాలు: క, ఒత్వం, ల, పొల్లు, మళ్లీ ల, ఏత్వం, ర, కొమ్ము. వీటిని కలిపి ‘ల్లే’ని చూపించడం ఫాంటు పని. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడిన అను ఫాంట్ల పద్ధతి వేరు. అక్కడ ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ఆకారాలు కూర్చున్నాయి. ఫాంటు తీసేస్తే అర్థంలేని గుర్తులే మిగులుతాయి. అలాంటి ఫైలును ముందు యూనికోడ్‌లోకి మార్చాలి, ఆపైనే ఈపబ్.

ఏలూరు మంజువాణీ ముద్రాక్షరశాల, వెంకట్రామా అండ్ కో వేసినవంటి పాత పుస్తకాలు నెట్‌లో దొరికినా ఎక్కువగా స్కాన్లే. స్కాన్‌లో అక్షరం ఉండదు, దాని ఫొటో ఉంటుంది. దాన్ని కాలిబర్‌కు ఇస్తే వచ్చే ఈపబ్‌లోనూ ఫొటోలే. ముందు ఓసీఆర్ చేయాలి, అంటే ఫొటోలోని అక్షరాలను యంత్రం చేత చదివించి పాఠంగా మార్చాలి. గూగుల్, టెసరాక్ట్ తెలుగు చదువుతాయి గానీ ‘ప’కూ ‘వ’కూ తేడా తలకట్టు అతకడంలోనే ఉంది, నలిగిన కాగితం మీద అది ఎవరికైనా చిక్కే. అందుకే తెలుగు వికీసోర్స్‌లో స్కాన్ పక్కన పెట్టుకుని పుట పుటా దిద్దుతారు. దిద్దిన పుస్తకం అక్కడి నుంచే ఈపబ్‌గా దిగుతుంది.

యూనికోడ్ పీడీఎఫ్‌ను మార్చినా దిద్దుబాటు తప్పదు. పుట నంబరు, పైనున్న పుస్తకం పేరు వాక్యం మధ్యలో వచ్చిపడతాయి. పంక్తి చివర మాటను గీత కూడా లేకుండా విరవడం తెలుగు అచ్చులో మామూలే. అక్కడ విరిగిన ‘తాడేపల్లిగూడెం’ ఈపబ్‌లో ‘తాడేప ల్లిగూడెం’ అయి మిగులుతుంది. తర్వాత ఆ ఊరి పేరు కొట్టి వెతికితే, ఆ చోటు దొరకదు.