తెగిన రక్తనాళానికి తొడుగు ఉంది, ఆరు గంటల్లో చేరడమే సమస్య

స్టెంటు అనగానే పల్లెల్లో గుండెజబ్బే గుర్తుకొస్తుంది. ఫలానా ఆయనకు రెండు స్టెంట్లు వేశారట అనే మాట ప్రతి రచ్చబండ మీదా వినబడుతున్నదే. కాని ప్రమాదాల్లో చిరిగిపోయిన పెద్ద రక్తనాళాలను లోపలి నుంచే మూసే మరో రకం స్టెంటు ఉన్నదన్న సంగతి చాలామందికి తెలియదు. ట్రాక్టరు తిరగబడినా, మోటారు సైకిలు లారీని గుద్దినా, ఎద్దు గజ్జల్లో కుమ్మినా ఈ సంగతి తెలిసి ఉంటే ఒక కాలు దక్కవచ్చు. ఒక్కోసారి ప్రాణమే దక్కవచ్చు.

గుండెకు వేసే స్టెంటును బెలూనుతో ఉబ్బించి తెరుస్తారు. ఇది అలా కాదు, తనంతట తానే విచ్చుకుంటుంది. నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ అనే లోహంతో చేసిన జాలీ గొట్టం ఇది. దాన్ని అణిచి సన్నని గొట్టంలో ఇముడ్చుతారు. తొడ మొదట్లో రక్తనాళానికి చిన్న రంధ్రం చేసి, ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ గాయం దాకా తోస్తారు. పై గొట్టాన్ని వెనక్కి లాగగానే జాలీ స్ప్రింగులా విచ్చుకుని నాళం గోడను పట్టుకుంటుంది. జాలీకి గుడ్డ వంటి తొడుగు ఉంటుంది గనుక రక్తం బయటికి కారడం ఆగిపోతుంది. పంక్చరు వేసేవాడు ట్యూబుకు పైనుంచి రబ్బరు ముక్క అతికిస్తాడు. ఇది లోపలి నుంచి వేసే అతుకు.

1987లో, అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఖార్కివ్ నగరంలో నికొలాయ్ వొలొదోస్ అనే వైద్యుడు ఛాతీలోని మహాధమని గాయానికి ఇటువంటి తొడుగు గొట్టం వేశారు. ఆ వార్త బయటి దేశాలకు పెద్దగా చేరలేదు. 1990లో అర్జెంటీనాలో హువాన్ పరోడి పొట్టలో ఉబ్బిన ధమనికి తొడుగు వేశాకే ప్రపంచం దీనివైపు చూసింది.

వాహనం వేగంగా ఢీకొన్నప్పుడు గుండె నుంచి వచ్చే మహాధమని చిరిగితే ఎక్కువమంది అక్కడికక్కడే చనిపోతారు. ప్రాణాలతో ఆస్పత్రికి చేరినవారికి పూర్వం ఛాతీ కోసి కుట్టేవారు. వెన్నుపాముకు రక్తం అందక కాళ్లు పడిపోయే ప్రమాదం అందులో ఉండేది. వీలైనచోట కోత కంటే తొడుగు గొట్టమే మేలని 2011లో అమెరికా రక్తనాళ శస్త్రవైద్యుల సంఘం సూచించింది. మెడ ఎముక కింద, కటి భాగంలో, అంటే కత్తి సులువుగా అందని చోట్ల కూడా ఇది బాగా పనికొస్తుంది.

అయితే అన్ని గాయాలకూ ఇదే మందు అనుకోరాదు. మోకాలి వెనుక కాలు వంగేచోట గొట్టం నలిగి మూసుకుపోవచ్చు. పొలం బురద, పేడ అంటిన గాయంలో తొడుగుకు క్రిములు పడితే వదలవు. పిల్లలకు నాళం పెరుగుతుంది గాని గొట్టం పెరగదు. ఇటువంటి వారికి గాయం తెరిచి, రోగి కాలి నుంచే సిర తీసి అతకడమే మంచి పద్ధతి. ఆ పాత పద్ధతిని చిన్నచూపు చూడనక్కర లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో తెగిన ధమనిని ముడివేసి వదిలేసిన సైనికుల్లో దాదాపు సగం మందికి కాలో చేయో తీసేయవలసి వచ్చింది. కొరియా యుద్ధంలో నాళాన్ని అతకడం మొదలయ్యాక అది 13 శాతానికి తగ్గింది.

ఏ పద్ధతికైనా గడువు ఒక్కటే. రక్తం అందని కండరం సుమారు ఆరు గంటలకు మించి తట్టుకోలేదు. మన పల్లెల్లో జరిగేదేమిటి? కాలు విరిగిందనుకుని ముందు కట్టు కట్టేవారి దగ్గరికి తీసుకుపోతారు. రాత్రయితే తెల్లారి చూద్దామంటారు. ఎముక నొప్పి కనబడుతుంది గాని నాళం దెబ్బ కనబడదు. మోకీలు తప్పి మళ్లీ తనంతట తానే సర్దుకున్నప్పుడు పైకి వాపు తప్ప మరేమీ తెలియదు, లోపల ధమని తెగి ఉండవచ్చు. పాదం చల్లబడిందా, పాలిపోయిందా, స్పర్శ తెలుస్తున్నదా, వేళ్లు కదులుతున్నాయా, పాదం మీద నాడి ఆడుతున్నదా అని రెండు కాళ్లూ పోల్చి చూడడానికి ఏ యంత్రమూ అక్కరలేదు.

రక్తం చిమ్ముతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టాలి. ఆగిందా లేదా అని మాటిమాటికీ ఎత్తి చూడరాదు. అప్పటికీ ఆగకపోతే గాయానికి పైన వెడల్పాటి గుడ్డ బిగించి, కట్టిన వేళ రాసిపెట్టాలి. సన్నని తాడు, తీగ వాడితే కండ తెగుతుంది. దిగబడిన కర్రనో ఇనుప ముక్కనో పీకరాదు.

2005 ఆగస్టు 15 నుంచి 108 వాహనం ఉన్నది. కష్టమంతా ఆ తర్వాతనే. దగ్గరి ఆస్పత్రి, అక్కడి నుంచి చీటీ, జిల్లా కేంద్రం, మళ్లీ చీటీ, చివరికి నగరం. ఎక్స్‌రే తెర ఉన్న గది, రక్తనాళాల వైద్యుడు ఉన్నా చాలదు. ఒక్కొక్కరి నాళం ఒక్కో కొలత గనుక రకరకాల సైజుల గొట్టాలు అల్మరాలో సిద్ధంగా ఉండాలి. లేకపోతే కంపెనీ నుంచి తెప్పించే లోగా పుణ్యకాలం గడిచిపోతుంది. అందుచేత మొదటి ఆస్పత్రిలోనే నాళం దెబ్బ ఉన్నదా అని అడిగి, ఉంటే రక్తనాళాల వైద్యుడు ఉన్న చోటికే నేరుగా పంపమని కోరడం మేలు. బయలుదేరే ముందే అక్కడికి ఫోను చేయించాలి.

ఖర్చు సంగతి మరొకటి. గుండె స్టెంట్ల ధరలకు 2017 ఫిబ్రవరిలో కేంద్రం పరిమితి విధించింది. తొడుగు గొట్టాలు ఆ ఉత్తర్వులో లేవు. ఛాతీ ధమనికి వేసేది లక్షల్లో పలుకుతుంది. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల మేర నగదు లేని వైద్యం అందించే పథకాన్ని కేంద్రం 2025 మే నెలలో ప్రకటించింది. అది రోడ్డు మీది వాహన ప్రమాదాలకు ఉద్దేశించినది. కొట్టంలో ఎద్దు కుమ్మిన రైతు ఏ లెక్కలోకి వస్తాడు? అటువంటి వారికి రాష్ట్ర ఆరోగ్య పథకమే దిక్కు. ఆస్పత్రిలో ఆ పథకం మనిషిని మొదటి గంటలోనే కలుసుకుని, ఈ గొట్టానికి అనుమతి వస్తుందా రాదా అని తేల్చుకోవాలి.

గొట్టం వేశాక రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడాలి, వైద్యుడు చెప్పిన వేళకు స్కానింగు చేయించాలి. నొప్పి లేదు గదా, పోతే ఒక రోజు కూలీ, బస్సు చార్జీ దండగ గదా అని మానుకుంటే గొట్టం లోపల మూసుకుపోతున్నా పాదం చల్లబడేదాకా తెలియదు.