నూరు కథలకు సాక్ష్యమేదీ?

“పిన్నిగారూ! అత్తయ్యగారు నూరు కథలు రాశారని ఎక్కడైనా అచ్చయిందాండీ?”

నా ప్రశ్న పూర్తి కాకుండానే ఆవిడ ముఖం చిన్నబోయింది. “అచ్చవడమేమిటమ్మా, ఆవిడే చెప్పేవారు. అంటే మా అత్తగారు అబద్ధమాడారంటావా?”

ఏం చెప్పను? చేతిలో కాఫీ చల్లారిపోయింది గానీ నా నోట మాట రాలేదు.

విషయమేమిటంటే, మా ఊళ్లో ఒక రచయిత్రి ఉండేవారు. నా మొదటి కథ చదివి “బాగుంది, ఇంకా రాయి” అన్నది ఆవిడే. ఇప్పుడు లేరు. ఒకరింటి సంగతి కనుక పేరు రాయను. ఎవరో అభిమానులు తెలుగు వికీపీడియాలో ఆవిడ జీవిత చరిత్ర పెట్టారు. బడిలో ఏదో రాసుకు రమ్మన్నారని మా అమ్మాయి ఆ పేజీ తీసి, “అమ్మా, వాక్యం వాక్యానికీ ‘ఆధారం చూపాలి’ అని ఉందేమిటి?” అని అడిగింది. చూస్తే నిజమే. నూరు కథలు రాశారు, ఆధారం చూపాలి. రాష్ట్ర ప్రభుత్వ బహుమతి వచ్చింది, ఆధారం చూపాలి. పుట్టిన సంవత్సరం పైన ఒకటి, కింద ఇంకొకటి! నాకు మనసు చివుక్కుమంది. బతికినన్నాళ్లూ వంటిల్లు సర్దుకుని రాత్రిళ్లు రాసుకున్న మనిషిని, పోయాక సాక్ష్యం తెమ్మంటారా అనిపించింది.

కోపం తగ్గాక ఆలోచిస్తే, అడగడంలో తప్పు లేదనిపించింది. ఇంగ్లీషులో 2001లో, తెలుగులో 2003 డిసెంబరులో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వంలో ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. రాసేదెవరో మనకు తెలియదు కనుక, రాసిన మాట ఎక్కడిదో చెప్పాల్సిందే. చెప్పకపోతే ఏమవుతుందో 2005లో అమెరికాలో తేలింది. జాన్ సీగెంథాలర్ అనే పేరున్న పాత్రికేయుడి పేజీలో, కెనెడీ సోదరుల హత్యల్లో ఆయన్ను అనుమానించారని ఒకతను వేళాకోళానికి రాసిపెట్టాడు. నాలుగు నెలలపాటు ఆ అబద్ధం అక్కడే ఉంది! ఆ గొడవ తర్వాతే బతికున్నవాళ్ల జీవిత చరిత్రలకు గట్టి నియమాలు పెట్టుకున్నారు.

మరి అదే నియమం ఇంకోచోట ఎలా పనిచేసిందో చూడండి. డోనా స్ట్రిక్‌ల్యాండ్ కెనడాకు చెందిన భౌతిక శాస్త్రవేత్త. ఆమె మీద ఎవరో రాసిన చిత్తుప్రతిని 2018 మే నెలలో ఇంగ్లీషు వికీపీడియాలో తిప్పి పంపారు, చూపిన ఆధారాలు చాలవని. అదే ఏడాది అక్టోబరు 2న ఆమెకు నోబెల్ బహుమతి ప్రకటించారు! 1903లో మేరీ క్యూరీ, 1963లో మరియా గెప్పర్ట్ మేయర్ తర్వాత భౌతిక శాస్త్రంలో ఆ బహుమతి పొందిన మూడో స్త్రీ ఆమె. పేజీ ఆ రోజున వెలిసింది. ఆమెతో కలిసి పరిశోధించి, బహుమతి పంచుకున్న గురువుగారికి మాత్రం ఎన్నో ఏళ్ల ముందే పేజీ ఉంది.

తిప్పి పంపినవారు నియమం తప్పలేదు. ఆమె గురించి బయటివాళ్లు నాలుగు మాటలు రాసి ఉంటే కదా చూపించడానికి! ఇంగ్లీషు వికీపీడియాలోని జీవిత చరిత్రల్లో ఆడవాళ్లవి ఇప్పటికీ దాదాపు ఐదో వంతే. అక్కడ రాసేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ కావడం ఒక కారణం. అంతకుముందే అచ్చు కాగితం మీద మనకు చోటు తక్కువ కావడం ఇంకో కారణం. నియమం అందరికీ ఒకటే గానీ, ఆధారాలు అందరికీ సమానంగా లేవు. అలాగని ఆడవాళ్లకు నియమం సడలించమంటే మన మాటకే విలువ పోతుంది. వెతికి తేవడమొక్కటే దారి.

అందుకే పేజీలోని ఒక్కో వాక్యాన్నీ నోటుపుస్తకంలో ఎడమవైపు రాసుకుని, కుడివైపు “ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అచ్చు వేశారు?” అని రాసుకున్నాను. ఒక సంస్మరణ వ్యాసం దొరికింది. అందులో నూరు కథల మాట ఉంది! సంబరపడ్డాను. తీరా చూస్తే అది వికీపీడియా పేజీ తర్వాత వచ్చింది. పేజీలో ఊరి పేరు ఏ అక్షరం దగ్గర తప్పు పడిందో, వ్యాసంలోనూ అక్కడే తప్పు. అంటే ఇక్కడి మాటే అక్కడికి వెళ్లిందన్నమాట. మళ్లీ దాన్నే ఆధారమంటే, మనం పక్కింటికిచ్చిన పంచదార తిరిగి తెచ్చుకుని కొత్తగా కొన్నామని లెక్క రాసినట్టే!

అప్పుడే నేను పిన్నిగారింటికి వెళ్లింది. కోపం వచ్చినా ఆవిడ లేచి, ట్రంకుపెట్టెలోంచి బహుమతి పత్రం తెచ్చి చూపించారు. అది ప్రభుత్వం ఇచ్చింది కాదు, జిల్లాలోని ఒక సాహితీ సంస్థ ఇచ్చింది. పెట్టెలో ఉన్న కాగితం పదిమందీ చూసుకునేది కాదు కనుక ఆధారంగా అదీ పనికిరాదు. కానీ దాని మీద తేదీ ఉంది! ఆ తేదీ పట్టుకుని జిల్లా గ్రంథాలయానికి వెళ్లాను. వారానికి రెండు మధ్యాహ్నాలు, మూడు నెలలు. దుమ్ము, తుమ్ములు, ఇంటికొచ్చాక “ఇంతసేపేమిటి?” అన్న ప్రశ్నలు సరేసరి. బహుమతి వార్త ఒక పాత దినపత్రికలో దొరికింది. పుట్టిన సంవత్సరం ఆవిడ కథా సంపుటిలో దొరికింది. కథలు 41 తేలాయి, పత్రిక పేరు, తేదీ, పేజీతో సహా.

ఆ జాబితా పట్టుకుని మళ్లీ వెళ్లాను. “నలభై ఒకటేనా?” అన్నారు పిన్నిగారు.

“ఇప్పటికి నాకు దొరికినవి. అంతే రాశారని నేను పేజీలో రాయను, అది నా లెక్క కదా. నూరు తీసేసి ఈ జాబితా పెడతాను. నూరంటే జనం సరేననుకుని ఊరుకుంటారు. ఇదైతే వెతుక్కుని చదువుకుంటారు.”

ఆవిడ ఒక్కో పేరు మీదా వేలు పెట్టి చదివారు. ఒకచోట ఆగిపోయారు. “ఇది మా పెళ్లయిన ఏడు. నేను వంట చేస్తుంటే వసారాలో కూర్చుని రాసింది ఇదేనమ్మా” అన్నారు. నామీద కోపం పోయినట్టే ఉంది.

ఒక్క పాత సంచిక ఏం చేయగలదో మనకు తెలియనిది కాదు. తొలి తెలుగు కథంటే 1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ అనే చాలాకాలం చదువుకున్నాం. భండారు అచ్చమాంబ ‘ధన త్రయోదశి’ 1902లోనే ‘హిందూ సుందరి’లో అచ్చయిందని చూపించగలిగారు కనుకనే ఈ రోజు ఆ వాదన నిలబడింది. స్త్రీల జీవిత చరిత్రలు సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసిందీ ఆవిడే. తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్న కొమర్రాజు లక్ష్మణరావుగారికి ఆవిడ స్వయానా అక్కగారు!

కాబట్టి అక్కచెల్లెళ్లకు నాదొక మనవి. అమ్మ గురించో అత్తగారి గురించో పత్రికలో ఏదైనా వస్తే కత్తిరించి దాచుకోవడం మనకు అలవాటే. ఆ ముక్క మీద పత్రిక పేరు, తేదీ, పేజీ కూడా రాసిపెట్టండి. మన ఇంటివాళ్ల పేజీ మనమే రాసుకుంటే అభిమానం అడ్డొస్తుంది. ఆ వివరాలు అక్కడి చర్చ పేజీలో పెడితే, మరొకరు సరిచూసి రాస్తారు. అటక మీది పాత పత్రికల కట్టను కాగితాల వాడికి తూకానికి వేసేముందు, ఒక్కసారి విప్పి చూడరూ!