144 హెర్ట్జ్‌కు మన కరెంటు సరిపోతదా?

కోరుట్లల ఒక పెద్దమనిషి ఇదే మాట అడిగితె పక్కనున్న పోరగాండ్లు కిసకిస నవ్విన్రు. నవ్వేది ఏమున్నది? కొడుకుకు కొండగట్టు దగ్గర నాచుపల్లి జేఎన్టీయూల సీటొచ్చింది. దుబాయ్‌ల ఉన్న పెద్దోడు వచ్చేటప్పుడు మానిటర్ తెస్తనన్నడు. మానిటర్ డబ్బా మీద 144 హెర్ట్జ్ అని ఉంటది, ఇంటి మీటర్ మీద 50 హెర్ట్జ్ అని ఉంటది. రెండూ చూసినోనికి అనుమానం రాకుంటెనే ఆశ్చర్యం.

జగిత్యాల దిక్కు ఎన్పీడీసీఎల్ కరెంటైనా, సిరిసిల్ల దిక్కు సెస్ కరెంటైనా 50 హెర్ట్జే. దుబాయ్‌ల గూడ అంతే, సౌదీల మాత్రం 60. మానిటర్ ఆ కరెంటును లోపల డీసీగ మార్చుకోని నడుస్తది కాబట్టి, తెర స్పీడుకూ దానికీ సంబంధమే లేదు. అడాప్టర్ మీద 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉన్నదా లేదా చూస్తె చాలు. ఉంటె ఏ దేశం నుంచి తెచ్చినా నడుస్తది, ప్లగ్గొక్కటే మార్చుకోవాలె.

అసలు అడగాల్సింది వేరే ఉన్నది. తెర సెకనుకు 144 సార్లు బొమ్మ మారుస్తనంటది సరే, గన్ని బొమ్మలు దానికి ఇచ్చేదెవరు? గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమైతె ప్రాసెసర్లనే ఉన్న చిన్న గ్రాఫిక్స్ ఇయ్యాలె. అందుకే షాపుల "కార్డు లేకుంటె 60 కంటె ఎక్కువ దండుగ" అంటరు. నేనైతె ఒప్పుకోను. 60ల ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ నడుమ 16.7 మిల్లీసెకన్లు పడుతది, 100ల 10 మాత్రమే. పేజీ కిందికి మీదికి జరిపినా, మౌస్ బాణం కదిలిచ్చినా ఆ తేడా కంటికి తెలుస్తది. బ్రౌజర్, ఎక్సెల్ అసోంటివి గీసుడు ఈ కాలపు చిప్పుకు లెక్కల్నే లేదు.

ఆటల కాడికొస్తె మాత్రం షాపోని మాటే నిజం. వాలరెంట్ తయారు చేసిన రయట్ కంపెనీయే చెప్పింది: పాత ఇంటెల్ హెచ్‌డీ 4000 మీద సెకనుకు 30 ఫ్రేములు, 144 కావాల్నంటె జీటీఎక్స్ 1050 టీఐ అసోంటి కార్డు. సిరిసిల్లోళ్లకు విడమరిచి చెప్పే పని లేదు. సాంచ స్పీడు పెంచినంత మాత్రాన బట్ట పెరుగదు, నూలు గూడ తట్టుకోవాలె గదా.

ఎక్కువమంది దెబ్బ తినేది వెనకాల సాకెట్ల కాడ. ఇంటెల్ పదో తరం దాకా డెస్క్‌టాప్ ప్రాసెసర్లల మామూలుగ హెచ్‌డీఎంఐ 1.4 యే. ఫుల్ హెచ్‌డీ తెరను అది 120 దాకా లాగుతది, 4కే తెరనైతె 30 కాడనే ఆపేస్తది. 30ల మౌస్ కదిలిస్తె బాణం ఎగురుకుంట పోతది, చూడబుద్ధి కాదు. అదే సిస్టంల డిస్‌ప్లే పోర్ట్ ఉంటె ఫుల్ హెచ్‌డీ 144 ఆరామ్‌గ నడుస్తది, 4కే గూడ 60 వస్తది. సెకండ్‌హ్యాండ్‌ల దొరికే ఆఫీసు డబ్బాలు, డెల్ ఆప్టిప్లెక్స్ 9020 అసోంటివి, వెనక చూడుండ్రి: రెండు డిస్‌ప్లే పోర్టులు, ఒక వీజీఏ ఉంటయి. మనోళ్లు ఆ డిస్‌ప్లే పోర్టును వదిలిపెట్టి వీజీఏకు కన్వర్టర్ తగిలిస్తరు, తర్వాత మానిటర్ మంచిగ లేదంటరు! డిస్‌ప్లే పోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చవక కేబుళ్లల గూడ కొన్ని ఫుల్ హెచ్‌డీ 60 కాడనే ఆగిపోతయి. మానిటర్ దిక్కు గూడ చూడాలె. కొన్నిట్ల డిస్‌ప్లే పోర్టుకు 144 ఇచ్చి హెచ్‌డీఎంఐకి తక్కువ పెడ్తరు, అది డబ్బా మీద కనవడదు, లోపలి పుస్తకంల ఉంటది.

అన్నీ సరిగ తగిలిచ్చినా విండోస్ తనంతట తాను 60 మీదనే కూసుంటది చాలాసార్లు. సెట్టింగ్స్‌ల సిస్టం, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకు పోయి రిఫ్రెష్ రేట్ మార్చాలె. పైసలు పెట్టి కొని ఇది మార్చకుంట ఏండ్లు వెళ్లదీసినోళ్లు ఊరూరా ఉంటరు.

నన్నడిగితె కార్డు లేని సిస్టంకు 100 హెర్ట్జ్ ఫుల్ హెచ్‌డీ మానిటర్ మస్తు. 144కు పెట్టే ఎక్కువ పైసలు ర్యామ్‌కు పెట్టుండ్రి. ప్రాసెసర్ల ఉన్న గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, సిస్టం ర్యామ్‌నే వాడుకుంటది. డీడీఆర్4 3200 కడ్డీ ఒక్కటే ఉంటె సెకనుకు 25.6 జీబీ దారి, రెండు పెడితె 51.2. రైజెన్ 5 5600జీ అసోంటి ప్రాసెసర్‌కు ఆటలల ఈ తేడా బాగ కనవడ్తది. మానిటర్‌కు ఫ్రీసింక్ ఉంటె ఇంకా మంచిది. ఫ్రేములు 50కీ 70కీ నడుమ ఊగినా తెర వాటితోనే నడుస్తది, బొమ్మ నడుమల చీరినట్టు కనవడదు.

ఇంట్ల ఆటలు లేవు, సినిమాలే చూస్తరంటె మాత్రం 100 కంటె 120 మేలు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. 60 తెర మీద ఒక ఫ్రేము రెండుసార్లు, ఇంకోటి మూడుసార్లు పడ్తది, 100 మీద గూడ సమంగ పంచుకపోదు. 120 మీదనైతె ఒక్కో ఫ్రేము లెక్కగ ఐదుసార్లు. కెమెరా పక్కకు తిరిగే సీన్ల చూడుండ్రి, ఎర్కయితది.