సరిహద్దు దాటిన బడి ఖర్చు

ఛత్తీస్‌గఢ్‌లోని కిష్టారం నుంచి దక్షిణానికి అడవి దాటితే మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా మొదలైన సల్వాజుడుం హింసకు సుక్మా ప్రాంతపు పల్లెలు ఖాళీ అయినప్పుడు గుత్తికోయ ఆదివాసులు ఈ దారుల్లోనే ఇటు వచ్చారు. వారి పిల్లలు ఇప్పుడు మన బడుల్లో, గూడేల్లోని బ్రిడ్జి స్కూళ్లలో తెలుగు అక్షరాలు దిద్దుతున్నారు.

వారి చదువు ఖర్చు ఎవరిది? 2009 విద్యాహక్కు చట్టంలోని తొమ్మిదో సెక్షన్ వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చే బాధ్యతను స్థానిక సంస్థపై పెట్టింది. ఏడో సెక్షన్ నిధుల భారం కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి బాధ్యత అంది. అయితే పిల్లలు వదిలి వచ్చిన రాష్ట్రం, చేర్చుకున్న రాష్ట్రానికి చెల్లించాలన్న నిబంధన అందులో లేదు. అమెరికాలో పొరుగు డిస్ట్రిక్టు పిల్లవాడి కోసం సొంత డిస్ట్రిక్టు ఫీజు కట్టే ఏర్పాట్లు చాలాచోట్ల ఉన్నాయి. మనకు సమగ్రశిక్ష పథకంలో కేంద్ర, రాష్ట్రాల 60:40 వాటా ఒక్కటే. ఆ నలభై పిల్లవాడు చదివే రాష్ట్రం నెత్తినే.

రాయ్‌పూర్‌కు బిల్లు పంపమని మేం అనం. ఆ బేరం తేలేసరికి పిల్లవాడి బాల్యం గడిచిపోతుంది. కేంద్రమే ఈ పిల్లల ఖర్చు పూర్తిగా భరించాలి. ఎస్టీ గుర్తింపు రాష్ట్రాన్నిబట్టి మారుతుంది కనుక, సర్టిఫికెట్ లేని పిల్లలకు గిరిజన హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్ దక్కే మార్గం కూడా కేంద్రమే చూపాలి. గోండీ, కోయ మాట్లాడే టీచర్ల జీతం ఆ లెక్కలోనే కలపాలి.